కళ్ళు తెరిచిన పడవ

1960 మధ్యలో నన్ను వాకాడు తీరంలోని కస్టమ్స్ ఔట్‌పోస్టుకు బదిలీ చేశారు. హోదా సబ్ ఇన్‌స్పెక్టరు. నా పైన నెల్లూరులో సూపరింటెండెంటు, నా కింద మస్తాన్ అనే సిపాయి. ఔట్‌పోస్టు అంటే పెంకుల గది ఒకటి, దాని పక్కన తాటాకుల కొట్టం. తూర్పున సముద్రం, పడమట బకింగ్‌హాం కాలువ, నడుమ ఇసుక, సరుగుడు తోపులు. గాలి వీచినంతసేపూ తోపులు సముద్రంలాగే మోగేవి. కొత్తలో ఏ చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలిసేది కాదు. కొన్నాళ్ళకు తెలుసుకునే ప్రయత్నం మానుకున్నాను.

కస్టమ్స్ అనగానే దొంగబంగారం, విదేశీ గడియారాలు అనుకుంటారు. అవి ఎప్పుడో ఒకసారి. రోజూ చేసే పని కాలువ మీద పోయే పడవల కాగితాలు చూడడం, తీరం వెంబడి గస్తీ నడవడం. దీనికి తోడు జనానికి అంతగా తెలియని బాధ్యత ఇంకొకటి ఉండేది. సముద్రం ఒడ్డుకు తెచ్చి పడేసిన ఓడ శకలాలు, పీపాలు, దుంగలు దొరికినవాడి సొత్తు కావు. వాటిని మేము స్వాధీనం చేసుకుని, గుర్తులన్నీ రాసి, కొట్టంలో భద్రపరిచి, ప్రకటన అంటించాలి. గడువులోగా ఎవరైనా వచ్చి తమదని రుజువు చేసుకుంటే ఇచ్చేయాలి. ఎవరూ రాకపోతే వేలం వేసి ఆ సొమ్ము ఖజానాకు కట్టాలి. నా కాలంలో వచ్చినవి చాలావరకు పలకలు, తాళ్ళు, వలల బెండ్లు. వాటి కోసం ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

మరుసటి సంవత్సరం మొదట్లో, పొగమంచు పడుతున్న రోజుల్లో, పొద్దున్నే తిప్పపాళెం పెద్దకాపు గోవిందు మా గది ముందుకు వచ్చి నిలబడ్డాడు. తిప్పపాళెం మాకు దక్షిణంగా ఉన్న బెస్తపల్లె. పెద్దకాపు అంటే ఆ పల్లెకు పెద్ద. తగవులు తీర్చేది, వలల వాటాలు పంచేది ఆయనే. మామూలుగా పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి, ఆ రోజు మెల్లగా చెప్పాడు.

"సార్, మొగ కాడ ఒకటి వచ్చి నిలబడుండాది. తమరు వచ్చి తీసకపోండి."

మొగ అంటే కాలువ నుంచి వచ్చే ఏరు సముద్రంలో కలిసేచోటు. ఏమి వచ్చిందని అడిగితే చెప్పలేదు. కొట్టుకొచ్చింది అనకుండా నిలబడుంది అన్నాడేమిటని మస్తాన్ దారిలో నన్ను అడిగాడు. అక్కడికి వెళ్ళాక మా ఇద్దరికీ అర్థమైంది.

అది ఒక పడవ ముక్కు. వెనక భాగమంతా విరిగిపోయి, ముందు దూలము, దానికి ఇరువైపులా అతుక్కుని ఉన్న నాలుగైదు పలకలు మాత్రం మిగిలాయి. అలల అంచున, తడి ఇసుకలో, ఎవరో పాతిపెట్టినట్టు నిటారుగా నిలబడి ఉంది. సముద్రం తెచ్చినవి అడ్డంగా పడి ఉంటాయి. ఇది నిలువుగా ఉండడమే కాక, పడమటికి, అంటే భూమి వైపుకు తిరిగి ఉంది. దానికి రెండు కళ్ళు ఉన్నాయి. ఉలితో పొడుగ్గా చెక్కి, నల్లగుడ్డు ఉండాల్సిన చోట గుండ్రటి రాగి బిళ్ళ దిగగొట్టారు. ఒక కన్ను మీద గుల్లలు దట్టంగా పేరుకుని మూసుకుపోయింది. రెండోది శుభ్రంగా ఉంది. పొగమంచులో ఆ ఒక్క కన్నే మాకు ముందు కనబడింది.

పాళెం వాళ్ళు దూరంగా నిలబడ్డారు. ఎవరూ చెయ్యి వేయలేదు. కూలి ఇస్తానన్నా రాలేదు. కాలువ గట్టు నుంచి బండి, ఇద్దరు మనుషులను మస్తాన్ పిలుచుకొచ్చాడు. బండి కదిలేటప్పుడు పెద్దకాపు ఒక్క మాట అన్నాడు: "మా పాళెం మీదుగా తీసకపోబాకండి సార్. చుట్టు తిరిగి పోండి."

కొట్టంలో ఒక మూల దాన్ని నిలబెట్టించి, కొలతలు, చెక్క జాతి, మేకుల తీరు, కళ్ళ గుర్తులు అన్నీ రాసుకున్నాను. ప్రకటన గది తలుపుకు అంటించాను. నా దృష్టిలో పని అక్కడితో ముగిసింది.

మస్తాన్‌కు ముగియలేదు. అతను వాకాడు వాడు, ఐదు పూటలా నమాజు చేసే మనిషి, దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాడు. కొట్టంలో కూర్చుని మధ్యాహ్నం సద్ది తినడం అతని అలవాటు. మూడో నాడో నాలుగో నాడో గిన్నె పట్టుకుని గది మెట్ల మీదికి వచ్చాడు.

"దాని ఎదురుగా కూసుంటే అన్నం దిగడంలా సార్. మా అత్త చూసినట్టు చూస్తా ఉండాది."

గోడ వైపుకు తిప్పుకోమని చెప్పాను. తిప్పాడు. మర్నాడు పొద్దున నేను కొట్టం తెరిచేసరికి అది మళ్ళీ పడమటికి, కాలువ వైపుకు తిరిగి ఉంది. నేను మస్తాన్‌ను కోప్పడ్డాను. అతను తన బిడ్డల మీద ఒట్టు పెట్టాడు. మళ్ళీ తిప్పించాను. మళ్ళీ అదే జరిగింది.

నాకు ఇలాంటి విషయాల్లో పద్ధతి ఒకటే. దాన్ని గోడ వైపుకు తిప్పించి, గుంజకు తాడుతో కట్టించి, ముడి మీద శాఖ సీసపు సీలు వేశాను. సీసపు సీలు అంటే తాడు కొసలను చిన్న సీసపు బిళ్ళలో దూర్చి, పటకారుతో నొక్కి ముద్ర వేయడం. బిళ్ళ తెగకుండా ముడి విప్పడం కుదరదు. పొద్దున సీలు అలాగే ఉంది. తాడు అలాగే ఉంది. తాడు లోపలే ఆ ముక్కు కాలువ వైపుకు తిరిగి ఉంది.

దీనికి కారణం చెప్పవచ్చు. కొట్టం నేల ఇసుక. బరువంతా ఒక పక్కన ఉన్న చెక్క, తడి ఆరుతూ ఉంటే, ఇసుక కుంగిన వైపుకు మెల్లగా తిరుగుతుంది. నేను ఆ రోజు డైరీలో ఆ కారణమే రాసుకున్నాను. ప్రతిసారీ ఒకే వైపుకు ఎందుకు తిరగాలన్నది రాసుకోలేదు. ఇక తిప్పవద్దని మాత్రం మస్తాన్‌కు చెప్పాను.

తర్వాత కొన్నాళ్ళకు వీరాచారి వచ్చాడు. కాలువ గట్టున, మాకు పడమటగా, అతని పడవల దొడ్డి. ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పడవలు కట్టే మేస్త్రి. యాభై దాటిన మనిషి, పనిలో మంచి పేరు ఉంది. గట్టు మీది దారి సూటిగా మా కొట్టం ముందుకు వస్తుంది. అతను ఆ దారి వదిలి, తోపులో నుంచి చుట్టు తిరిగి, కొట్టం వెనక నుంచి వచ్చాడు.

"ఆ మొద్దు వేలం ఎప్పుడు సార్?"

గడువు చాలా ఉందని చెప్పాను.

"పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. ముందే ఇచ్చేస్తే తీసకపోతా. ధర తమరు చెప్పిందే."

ధర నేను చెప్పలేదు, అతనే చెప్పాడు. ఆ డబ్బుకు బండెడు వంటచెరకు వస్తుంది. సరుగుడు తోపుల మధ్య బతికే మనిషికి ఉప్పునీళ్ళు తాగిన చెక్క మీద ఇంత మోజు ఎందుకో నాకు తోచలేదు. చూసి మాట్లాడమని కొట్టంలోకి పిలిచాను. గడప దగ్గర ఆగి, పని ఉందని చెప్పి, వచ్చిన దారినే తోపులోకి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే కావమ్మ వచ్చింది. తిప్పపాళెం మనిషి, ముప్పై ఏళ్ళు ఉంటాయి. ఎండుచేపల కూలికి పోతుందని బట్టల వాసనే చెబుతోంది. ప్రకటన చదివి వచ్చింది కాదు, పెద్దకాపు చెబితే వచ్చింది. నాతో మాట్లాడకుండా నేరుగా కొట్టంలోకి వెళ్ళి దాని ముందు కూర్చుంది. భయపడలేదు. కాసేపు చూసి, బయటి నుంచి వచ్చిన మనిషిని పలకరించినట్టు పలకరించింది.

"ఇన్నాళ్ళకా రావడం? నేను ఇచ్చేసినాక వస్తే ఏం లాభం?"

మస్తాన్ నా వైపు చూశాడు. నేను ఆమెను గది మెట్ల మీద కూర్చోబెట్టి, ఇది నీదని ఎలా చెప్పగలవని అడిగాను. అప్పుడు ఆమె చెప్పిన సంగతి ఇది.

ఆమె భర్త పోలయ్య వీరాచారికి పడవ కట్టమని పురమాయించాడు. ధర ఎనిమిది వందలు. సగం ముందుగా పెద్దకాపు ఎదుట ఇచ్చాడు. మిగిలిన నాలుగు వందలు పడవ దిగే రోజున ఇవ్వాలి. 1959 కార్తీకంలో, అంటే నేను ఆ ఔట్‌పోస్టుకు రాకముందు, ఒక పొద్దున డబ్బు నడుముకు కట్టుకుని, తమ్ముణ్ణి, పొరుగువాణ్ణి తోడు తీసుకుని మేస్త్రి దొడ్డికి వెళ్ళాడు. ముగ్గురూ కొత్త పడవ ఎక్కి కాలువలో నుంచి మొగకు వచ్చారు. అప్పటికే గాలి తిరిగింది. మొగ దాటుతూనే పడవ మునిగి ఉంటుందని పాళెం అనుకుంది. పాళెం ఒడ్డు చేరలేదు. ముగ్గురిలో ఒక్కరి శవమూ దొరకలేదు. ఆ పడవను పాళెంలో ఎవరూ కళ్ళతో చూడలేదు.

దినాలు కాకముందే వీరాచారి పాళేనికి వచ్చాడు. మిగతా నాలుగు వందలు తనకు ముట్టలేదన్నాడు. పోలయ్య తెలిసినవాడు గనుక, రేపు తాంబూలంతో ఇస్తానంటే నమ్మి పడవ వదిలానన్నాడు. కాదనడానికి మనిషి లేడు.

"నడుముకు కట్టుకొని పొయ్యింది నేను చూసినా సార్. ముట్టలేదంటే, ఎట్నో దాంతోనే మునిగినాడు గాబోలు అనుకున్నా."

అయినా ఆడకూతురు అంత డబ్బు ఎందుకు ఇచ్చింది? దానికి ఆ పాళెం నమ్మకం కారణం. పడవ కట్టినవాడికి బాకీ ఉన్న మనిషి సముద్రంలో పోతే, ఆ బాకీ తీరేవరకు సముద్రం శవాన్ని ఇవ్వదని వాళ్ళ నమ్మకం. శవం రాకపోతే కర్మ జరగదు. వీరాచారి ఆ మాట తన నోటితో అనలేదట. "ఇంకా రాలేదా?" అని మాత్రం అడిగాడట. వచ్చినప్పుడల్లా అదే అడిగాడట.

తిప్పపాళెంలో అలివి వల ఊరంతటికీ కలిపి ఉండేది. ఒడ్డు నుంచే ఇరుపక్కలా మనుషులు నిలబడి లాగే పెద్ద వల అది. అందులో ప్రతి ఇంటికీ ఒక వాటా. వాటా ఉన్న ఇంటికి మగదిక్కు లేకపోయినా పడిన చేపలో భాగం వస్తుంది. కావమ్మ ఆ వాటాను పెద్దకాపుకు తాకట్టు పెట్టి నాలుగు వందలు తెచ్చి వీరాచారికి కట్టింది. రాబోయే ఉగాదికి వాటాలు కొత్తగా పంచుతారు. అప్పటికి డబ్బు తిరిగి కట్టకపోతే వాటా పోతుంది. పోతే మళ్ళీ రాదు. డబ్బు కట్టాక ఏడాదిపైగా రోజూ మొగ దగ్గరకు వెళ్ళి చూసింది. ఏమీ రాలేదు. ఇప్పుడు, ఆమె కూలికి వేరే ఊళ్ళో ఉన్న రోజుల్లో, ఇది వచ్చింది.

"పోలయ్య పడవ ఇదేనని ఎట్లా తెలుసు?" అని అడిగాను.

"కళ్ళు తెరుచుకోనుండాయి గదా సార్!" అంది, నాకు ఇంత చిన్న విషయం తెలియనందుకు ఆశ్చర్యపోతూ.

పెద్దకాపును పిలిపించి అడిగితే ఆయన విడమరిచి చెప్పాడు. ఆ కాలువ గట్టు మేస్త్రులు పడవ పూర్తిచేసినా కళ్ళు చెక్కరు. పూర్తి సొమ్ము చేతిలో పడ్డాకే ఉలి పడతారు. యజమాని భార్య తన తాళిలోని బంగారు గుండు ఒకటి పంపుతుంది. దాన్ని కుడికంటి రాగి బిళ్ళ కింద పెట్టి దిగగొడతారు. మేస్త్రికీ యజమానికీ మధ్య కాగితం ఉండదు. తెరిచిన కళ్ళే రసీదు. కళ్ళు లేని పడవ మేస్త్రిది, కళ్ళున్న పడవ యజమానిది. ఈమధ్య ఆ మొగలో పోయిన కొత్త పడవ పోలయ్యది ఒక్కటే.

కావమ్మ ఆ పొద్దున గుండు తీసి భర్తకు ఇచ్చింది. కళ్ళు తెరవనే లేదు, గుండు కూడా మనిషితోనే పోయి ఉంటుందని వీరాచారి అప్పట్లో ఆమెకు చెప్పాడు. శుభ్రంగా ఉన్న కన్ను ఎడమది. గుల్లలు మూసినది కుడిది.

ఇక్కడ నా అధికారం ఎంతవరకో చెప్పాలి. ఒకరి దగ్గర ఒకరికి రావలసిన డబ్బు వసూలు చేయడం నా పని కాదు. దానికి కోర్టు ఉంది. కోర్టుకు పోతే ఉగాది కాదు, ఆపై ఉగాది కూడా దాటిపోతుంది. కానీ ఒడ్డుకు వచ్చిన వస్తువు తనదని ఒకరు అడిగినప్పుడు, అది చేసినవాణ్ణి పిలిపించి గుర్తింపు వాంగ్మూలం తీసుకునే అధికారం నాకు ఉంది. చేసినవాడు అవునంటే వస్తువు యజమానికి పోతుంది. అవునన్న మాట కాగితం మీదికి వస్తుంది. నేను చేయగలిగింది అంతే. వీరాచారికి నోటీసు పంపాను.

అతనూ పెద్దకాపూ నడి మధ్యాహ్నం వచ్చారు. ఎండ బాగా ముదిరింది. పెద్దకాపు గట్టు దారిన వచ్చాడు. వీరాచారి అప్పుడు కూడా తోపులో నుంచి, కొట్టం వెనక నుంచి వచ్చాడు. లోపలికి వచ్చి ఆ ముక్కు వెనక, విరిగిన పలకల వైపు నిలబడ్డాడు. కావమ్మ దాని ముందు కూర్చుని ఉంది. మస్తాన్, పెద్దకాపు సాక్షులుగా గడప దగ్గర ఉన్నారు.

ఇది నీ పనేనా అని అడిగాను.

"కాదు సార్. పళవేర్కాడు పక్క అరవోళ్ళ పడవ ఇది. నా పని కాదు."

ముందుకు వచ్చి చూసి చెప్పమన్నాను.

"ఈడ నుంచే కనపడతా ఉండాది సార్."

"ముందు నుంచి చూస్తే ఏం, కరుస్తుందా మేస్త్రీ?" అన్నాడు పెద్దకాపు. ఎవరూ నవ్వలేదు.

కావమ్మ తలెత్తలేదు. "కుడికంట్లో నా గుండు ఉండాది సార్. లేదంటే ఇది నాది కాదు, నేను పోతా" అంది.

అది సబబుగా తోచింది. అడిగే మనిషి తానే గుర్తు చెప్పింది. గుర్తు ఉంటే ఆమెది, లేకపోతే వేలానిది. రాగి బిళ్ళ ఊడదీయాలి, అది వడ్రంగం పని. వీరాచారి సంచిలో ఉలి, సుత్తి ఎప్పుడూ ఉంటాయి. అతని పని కాదంటున్నాడు గనుక అభ్యంతరం ఉండకూడదు. ఊడదీసి చూపించమన్నాను.

అతను ఉలి తీసుకుని, పలకల మీద చెయ్యి వేసి, తడుముకుంటూ ముందుకు వచ్చాడు. చూపున్న మనిషి అలా నడవడం నేను ఇంకెప్పుడూ చూడలేదు. ముందుకు వచ్చాక తలెత్తాడు.

అప్పటిదాకా తోపులో గాలి హోరు ఉంది. అది ఆగిపోయింది. సముద్రం చప్పుడు కూడా వినబడలేదని మస్తాన్ తర్వాత చెప్పాడు. నాకు జ్ఞాపకం ఉన్నది ఉలి అంచు గుల్లల మీద గీసుకున్న చప్పుడు. గుల్లలు పెళ్ళలుగా రాలాయి. కింద కన్ను ఉంది. రాగి బిళ్ళ పచ్చగా చిలుము పట్టి ఉంది. వీరాచారి ఉలి మొనను బిళ్ళ అంచున ఆనించి సుత్తి ఎత్తాడు.

బిళ్ళ అంచు నుంచి నీళ్ళు వచ్చాయి. సన్నటి ధార. చెక్క మీదుగా కిందికి జారి ఇసుకలో ఇంకింది. ఆ ముక్కు కొట్టంలోకి వచ్చి నెల దాటింది. ఎండకు పలకలు పగిలి, చీలికల్లో వేలు పెడితే పొడి రాలుతోంది. గట్టి దూలంలో, బిళ్ళ వెనక బిగుసుకున్న నీరు అంతకాలం నిలవదని చెప్పలేను. నిలుస్తుందనీ చెప్పలేను. మేము ఐదుగురమూ చూశాం.

వీరాచారి సుత్తి దించాడు. ఉలి కింద పెట్టాడు.

"ముట్టింది సార్" అన్నాడు. "అణాపైసలతో ముట్టింది. ఈ కళ్ళు నేనే తెరిచినా. ముగ్గురూ పొయ్యినారు, పడవ పొయ్యింది, చూసినోళ్ళు ఎవురూ లేరనుకున్నా."

"ఇదుండ్లా చూసింది?" అంది కావమ్మ.

వాంగ్మూలం రాసి చదివి వినిపించాను. అందులో మూడే సంగతులు: పడవ తాను కట్టినది, పూర్తి సొమ్ము ముట్టాక కళ్ళు తెరిచినది, యజమాని పోలయ్య. సంతకం చేశాడు. డబ్బు సంగతి నేను ఎత్తలేదు. ఎత్తే అధికారం లేదు. పెద్దకాపు ఎత్తాడు. ఈ వాంగ్మూలం నకలు కోర్టులో పెడితే ఏమవుతుందో పదిమందికి పెద్దరికం చేసే మనిషికి చెప్పనవసరం లేదు. ఉగాదిలోగా నాలుగు వందలు ఇవ్వాలనీ, ఇవ్వకపోతే ఆ తీరంలో ఏ పాళెమూ అతని దగ్గర పడవ కట్టించదనీ అన్నాడు. వీరాచారి ఒప్పుకున్నాడు. వెళ్ళేటప్పుడు గట్టు దారినే వెళ్ళాడు.

పడవ కోసం కోసి పెట్టుకున్న టేకు దుంగలు అమ్మి, ఉగాదికి ముందే డబ్బు తెచ్చాడు. నా చేతికి ఇవ్వబోయాడు. అది ప్రభుత్వ సొమ్ము కాదు, నేను తాకకూడదు. కొట్టంలో, ఆ ముక్కు ముందు, కావమ్మ కొంగులో పోశాడు. ఆమె అక్కడే పెద్దకాపుకు లెక్కపెట్టి ఇచ్చింది. వల వాటా తిరిగి ఆమె ఇంటికి వచ్చింది. డబ్బు ఇచ్చాక వీరాచారి ఉలి తీశాడు.

"గుండు తీసిస్తానమ్మా. బంగారం గదా."

"తాకబాక" అంది ఆమె. "అది ఆయనకిచ్చింది."

కనుక గుండు అక్కడ ఉందో లేదో నేను చూడలేదు. ఎవరూ చూడలేదు.

మర్నాడు కొట్టం తెరిచేసరికి ఆ ముక్కు తూర్పుకు, సముద్రం వైపుకు తిరిగి ఉంది. తాడు, సీలు చెక్కుచెదరలేదు. మస్తాన్ చూసి, తలుపు దగ్గరే చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఇసుక ఇంకో వైపు కుంగి ఉంటుంది. సూపరింటెండెంటుకు పంపిన నివేదికలో ఈ సంగతి లేదు.

విడుదల ఉత్తర్వు వచ్చాక కావమ్మ వేలిముద్ర తీసుకుని దాన్ని ఆమెకు అప్పగించాను. ఈసారి మోయడానికి పాళెం మనుషులే వచ్చారు. బండి కట్టలేదు, భుజాల మీద ఎత్తుకున్నారు. పాళెం మీదుగానే తీసుకుపోయారు. శవం దొరకలేదు గనుక దానికే కర్మ చేశారు. పగటిపూట, మొగ పక్కన, సరుగుడు కట్టెలు పేర్చారు. నిప్పు పెట్టేముందు కావమ్మ పసుపు ముద్ద తడిపి, ముందు ఎడమ కంటికి, తర్వాత కుడికంటికి పట్టించి, అరచేత్తో పైనుంచి కిందికి రాసింది. చనిపోయినవాళ్ళ రెప్పలు దించేటప్పుడు రాసినట్టే. చల్లారాక బూడిదలో ఎవరూ వెతకలేదు.

వీరాచారి తర్వాత కూడా పడవలు కట్టాడు, పని బాగానే సాగింది. నేను గస్తీకి ఆ దొడ్డి మీదుగా వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. అంతకుముందు పడవల ముక్కులు దొడ్డిలోకి తిరిగి ఉండేవట. అప్పటినుంచి అన్నీ కాలువ వైపుకే తిరిగి ఉండేవి.

నాకు ఆ ఔట్‌పోస్టులో ఇంకో రెండేళ్ళు ఉద్యోగం, ఆ తర్వాత వేరే తీరాల్లో చాలా ఏళ్ళు. ఆ సంఘటన తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు చేసుకున్నాను. గుర్తింపు కోసం ఎవరిని పిలిపించినా వస్తువును గోడకు చేర్చకుండా గది మధ్యలో పెట్టించేవాణ్ణి. వచ్చిన మనిషి ఏ దారిన వచ్చాడు, దానికి ఏ వైపున నిలబడ్డాడు అన్నది ముందు రాసుకునేవాణ్ణి. ప్రశ్నలు ఆ తర్వాత.